రిజెక్టు బండ

మూడు కాలేజీలు రమ్మన్నాయి.
రెండు, నా పేరు తప్పు రాసి రమ్మన్నాయి.
మాబున్ని అనేది ముందు పేరో ఇంటిపేరో
వాళ్ళ కంప్యూటర్‌కు తేలక
రెండు గడుల్లోనూ అదే నింపి
"ప్రియమైన మాబున్ని మాబున్ని" అన్నాయి.

కడపలో, ఏడు రోడ్ల కాడ, కన్సల్టెన్సీ మేడ మీద
ఏసీ కింద కూర్చోబెట్టి
గుర్రప్ప సారు ర్యాంకులు చూపించినాడు.
నూట ఎనభై ఒకటి. మూడొందల పన్నెండు.
మూడోదానికి వేలు కిందికి, ఇంకా కిందికి జరిపి
"ఇది లిస్టులోనే దొరకలేదమ్మా" అన్నాడు,
తప్పిపోయిన బర్రె గురించి చెప్పినట్టు.

మొదటిదాంట్లో సగం ఫీజు మాఫీ.
రెండోదాంట్లో మన పిల్లోళ్ళు నలభైమంది,
రూములు, చింతపండు, అన్నీ దొరుకుతాయంట.
మూడోది ఒక చలి ఊరు.
రోజుకు రెండు రైళ్ళు. ఒక బేకరీ. మంచు.
మా ఎర్రగుంట్లకే అంతకన్నా ఎక్కువ రైళ్ళొస్తాయి.

బ్యాంకు మేనేజరు ఇంటి పత్రాలు అడిగినాడు.
ఆడిటరు నాయన ఆదాయం అడిగినాడు.
నాయన పాలిష్ మిషన్ ఆపి
మొహం మీద బూడిదరంగు నీళ్ళు తుడుచుకోని
"అడుక్కింత అని చెప్పు" అన్నాడు.
ఎవురూ రాళ్ళ గురించి అడగలా.

మూడో కాలేజీ అడిగింది.

అప్లికేషన్‌తో నేనొక ఫోటో పంపింటి:
మా ఇంటి ఎనక బట్టలుతికే బండ.
పాలిష్ ఎక్కదని ఫ్యాక్టరీ పారేసిన రిజెక్టు.
దాని ఒళ్ళంతా అలలు,
గోరు మందాన, ఒకదాని ఎనక ఒకటి,
ఇప్పుడే నీళ్ళు తీసినట్టు.
మురికి బాగా వదుల్తాదని
పెద్దమ్మ ఏరికోరి తెచ్చుకున్న బండ.
చేప పుట్టక ముందరి సముద్రం
మా ఇంట్లో లంగాలుతుకుతాంది.

ఆ ఊరి ప్రొఫెసరమ్మ ఒకటే వాక్యం రాసింది:
"ఆ నీళ్ళు ఏ దిక్కుకు పారినాయి?"
అభినందనలు లేవు. సంతకం కూడా సగమే.

బకెట్టు పక్కకు జరిపినా.
ప్రతి అలకూ ఒక పక్క నిదానమైన వాలు,
ఒక పక్క నిటారు.
నిటారుగా ఉన్న పక్కకే నీళ్ళు పోతాయని చదువుకున్నా.
ఫోన్లో దిక్సూచి తెరిస్తే
సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం పక్కకు చూపించింది.
రాసేద్దామనుకున్నా: ఈశాన్యం.

అప్పుడు తట్టింది.
ఈ బండను గనిలో పెకలించినారు,
ట్రాక్టర్లో ఏసి తిప్పినారు,
పెద్దమ్మ తన వాటం చూసుకోని
రెండుసార్లు మార్చి పరిచింది.
ఆ ఈశాన్యం రాయిది కాదు. పెద్దమ్మది.

"తెలీదు" అని రాసినా.
"కదిలించిన రాయి దిక్కు చెప్పదు.
ఆదివారం గనికి పోయి,
ఇంకా కదలని పొరలో చూసి చెప్తా."

పంపినాక భయమేసింది.
సీటు కావాలనేవాళ్ళు
తెలీదని రాస్తారా ఎవురైనా?

ఆదివారం, నాయన బండి మీద.
గని అడుగుకు దిగి
అలలున్న పొర దొరికేసరికి పదకొండైంది.
ఎండకు ఫోను కాగి దిక్సూచి ఆగిపోయింది.
నాయన గని గోడ నీడను ఒకసారి చూసి
"ఉత్తరం ఇదీ" అని చెయ్యి చాపినాడు,
ఇరవై ఏండ్లు అక్కడ నీడ ఎతుక్కున్న మనిషి.
ఆయన చెయ్యిని బట్టే కోణం రాసుకున్నా.

అప్పుడే గుర్రప్ప సారు ఫోను.
"శుక్రవారం దాటితే ఆ సగం మాఫీ పోతాదమ్మా,
ఏది ఫైనల్?"
"లిస్టులో లేనిది సార్."
ఆయప్ప చానాసేపు మాట్లాడలా.
ఏసీ శబ్దం మాత్రం ఇనపడతాంది.

దారిలో నాయన ఒకటే అడిగినాడు:
"ఆ ఊర్లో బండలు ఎట్లుంటాయంట?"
అది నేను అడగనే లేదు.
రాత్రికి రాయాల.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ దుప్పట్లు నానబెట్టింది.
"అయిందా మీ రాళ్ళ పంచాయితీ, జరుగు" అని
చెంబెడు నీళ్ళు కుమ్మరించింది.
సబ్బు నురగ అలలన్నీ ఎక్కి దిగి
కాలవ దిక్కుకు పారింది.